నీరు పల్లమెరుగు – మరి మనమెరుగుదుమా?

ఉదయం అనగానే మన మనస్సులో మెదిలేది ప్రశాంతత. ఫజర్ అజాన్, గుడి మైకులో సుప్రభాతం, పాలవాని సైకిలు గంట, హోటలు ముందర చల్లిన నీళ్లకు లేచే మట్టివాసన, నల్లా దగ్గర బిందెల వరుస – ఏ బస్తీలోనైనా, ఏ వాడలోనైనా తెల్లవారడం ఇట్లే ఉంటుంది. నిన్నటి ఉదయం గడిచినట్లే నేటి ఉదయమూ గడుస్తుందన్న నమ్మకం మీదనే మనిషి రాత్రి నిశ్చింతగా నిద్రిస్తున్నాడు. ఆ నమ్మకం వమ్మయిన కొన్ని ఉదయాలను గురించి, వాటి నుండి మనం నేర్చుకొనవలసి ఉండి కూడ నేర్చుకొనని ఒక పాఠాన్ని గురించి నాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాను.

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం. ముందునాటి నుండి ఎడతెగని వాన. మన మహబూబాబాద్ జిల్లాలో కొన్ని చోట్ల 24 గంటలలో 40 సెంటీమీటర్లకు మించి వర్షం కురిసింది. ఈ అంకె వినడానికి చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక్క చదరపు కిలోమీటరు నేల మీద 40 సెంటీమీటర్ల వాన పడితే అది 40 కోట్ల లీటర్ల నీరు. మన ప్రాంతంలో ఏడాది పొడుగునా పడే వాన సుమారు 100 సెంటీమీటర్లు. అందులో దాదాపు సగం ఒక పగలు, ఒక రాత్రి వ్యవధిలో దిగివచ్చినప్పుడు చెరువుల మత్తళ్లు చాలలేదు. కట్టలు తెగినవి. వేసవిలో మోకాలు లోతైనా ఉండని ఆకేరు ఆనాడు మరొక నది అయినది.

మరిపెడ మండలంలోని సీతారాం తండాలో ప్రజలు ఆ ఉదయం నిద్రలేచింది కోడికూతకు కాదు, ఇంటిలోనికి చొచ్చిన నీటికి. పిల్లలను, ముసలివారిని పట్టుకొని ఇండ్ల కప్పుల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. ధాన్యం, బట్టలు, కాగితాలు నీటి పాలైనవి. అదే ఆకేరు మీద పురుషోత్తమాయగూడెం వంతెన వద్ద, ఉద్యోగానికి తిరిగి వెళుతున్న ఒక యువ శాస్త్రవేత్తను, ఆమెను సాగనంపడానికి వెంట బయలుదేరిన తండ్రిని కారుతో సహా వరద ఈడ్చుకొనిపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు. కేసముద్రం – ఇంటికన్నె మధ్య రైలుకట్ట క్రింది మట్టి, కంకర కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. కాజీపేట – విజయవాడ మార్గంలో రైళ్లు మరల కదలడానికి సెప్టెంబరు 4వ తేదీ దాక పట్టింది. ముఖ్యమంత్రి సెప్టెంబరు 3వ తేదీన సీతారాం తండాకు వచ్చి బాధితులను చూచి, పక్కా ఇండ్లు కట్టిస్తామని మాట ఇచ్చిపోయినారు.

ఆకేరు తీర్థాల వద్ద మున్నేరులో కలుస్తుంది. కాబట్టి మన ఇండ్లను ముంచిన నీరే కొన్ని గంటల తరువాత ఖమ్మం పట్టణంలో మున్నేటి ఒడ్డు వాడలను ముంచింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకొనిపోయి పగలంతా సాయం కోసం ఎదురుచూచినారు. రాత్రివేళ ఒక జె.సి.బి. డ్రైవరు తన యంత్రాన్ని వరదలోనికి తోలుకొనిపోయి ఆ తొమ్మిది మందిని ఒడ్డుకు చేర్చినాడు. అతడు ఎక్కడివాడు? హర్యానా నుండి కూలికి వచ్చినవాడు. అతని భాష వేరు, ఊరు వేరు. వంతెన మీద ఉన్నవారు తనకు చుట్టాలా, పక్కాలా అని అతడు అడుగలేదు.

అదే ఆదివారం ఉదయం విజయవాడలో బుడమేరు కట్టకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్ మొదలైన బస్తీలు మునిగినవి. ముందురోజు రాత్రి మామూలుగా తలుపులు వేసుకొని పడుకొన్న లక్షలాది ప్రజలు మరునాడు డాబాల మీద నిలబడి పాల పొట్లం కోసం, మంచినీళ్ల సీసా కోసం చేతులు చాచవలసి వచ్చింది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం నమోదైనది. మరిపెడలో కురిసిన చినుకు సైతం మున్నేరు వెంట నడిచి ఆ ప్రవాహంలో కలిసినదే.

ఈ సంఘటనలను చెప్పుకొనేటప్పుడు మనమందరం ఒక మాట వాడుతున్నాము – “అనుకోని విపత్తు”. ఈ మాటను గురించియే నా అభ్యంతరం. ఒకసారి జరిగినదానిని అనుకోనిది అనవచ్చును. కాని 2023 జూలై 27వ తేదీన తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తినప్పుడు ఊరి జనం మిద్దెల మీదికి, చెట్ల మీదికి ఎక్కవలసి వచ్చింది. సైనిక హెలికాప్టర్లు వచ్చి కొందరిని కాపాడినవి. అదే రోజులలో ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడు మన ఆకేరు. ఆ మరుసటి ఏడు, 2025 అక్టోబరు చివరలో, మొంథా తుపాను వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగినవి. డోర్నకల్ స్టేషనులో పట్టాల మీద నీరు నిలిచి రైళ్లు ఆగినవి. మూడేండ్లలో మూడుసార్లు వచ్చిన అతిథిని అనుకోని అతిథి అనవచ్చునా? “నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అన్నారు పెద్దలు. నీరు తన దారిని ఎన్నడూ మరువలేదు. మరచినది మనము.

ఇట్టి మరపు మనకు కొత్తది కాదు. అయితే మరువక మేలుకొన్న సందర్భం కూడ మన చరిత్రలోనే ఉన్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి ప్రాంతాలను తుడిచిపెట్టింది. సుమారు 15,000 మంది మరణించినారని అంచనా. ఉర్దూ సాహిత్యంలో రుబాయీలకు పేరుగాంచిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తామొక్కరే బయటపడినారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆనాడు సుమారు 150 మందిని తన కొమ్మల మీద మోసి బ్రతికించింది. ఒక చెట్టు చేసిన పాటి మేలు ఆ ఉదయం ఆ నగరంలో మరే ఏర్పాటూ చేయలేకపోయినదన్న మాట.

మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినప్పుడు ఆయన మొదట వేసిన ప్రశ్న చాల సాదా ప్రశ్న: ఈ నీరు ఎక్కడి నుండి వచ్చింది? ఎగువ ప్రాంతాన్ని పరిశీలించి, మూసీ పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయినవని తేల్చినారు. ఒక చెరువు తెగితే క్రింది చెరువు మీద బరువు పడుతుంది, అది తెగితే దాని క్రిందిది. గొలుసుకట్టు చెరువుల సౌభాగ్యమే ఆనాడు శాపమైనది. ఆ పరిశీలన ఫలితంగానే నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. కాకతీయుల కాలం నుండి గొలుసుకట్టు చెరువులకు పుట్టినిల్లయిన మన ఓరుగల్లు సీమకు ఈ కథ మరింత వర్తిస్తుంది.

అయితే ఆనకట్టలు ఒక్కటే రక్ష కావని కూడ కాలం చూపింది. 2025 సెప్టెంబరు చివరలో ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మరల పొంగి, చాదర్‌ఘాట్ వాడలలోనికి, మహాత్మాగాంధీ బస్ స్టేషను ఆవరణలోనికి సైతం రాత్రివేళ నీరు చేరినది. గోడ ఎంత ఎత్తు కట్టినా, దాని అవతలి వార్త ఇవతలి మనిషికి సకాలంలో అందకపోతే ఆ గోడ సగం రక్షణ మాత్రమే.

ఇక్కడనే నా అసలు వాదం ఉన్నది. వానను ఆపడం మానవమాత్రులకు సాధ్యం కాదు. కాని ఎగువన కురిసిన వాన దిగువ ఊరికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలు మనవి. ఆ వ్యవధిలో వార్త నీటికంటె ముందు నడిస్తే ప్రాణాలు నిలుస్తాయి. నీరు వార్తకంటె ముందు నడిస్తే ప్రాణాలు పోతాయి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మందికి పైగా మరణించినారు. 2014లో విశాఖపట్టణాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను బలంలో తక్కువదేమీ కాదు. కాని మృతుల సంఖ్య పదులలోనే నిలిచింది. గాలి మారలేదు, సముద్రం మారలేదు. మారింది వార్త నడిచే వేగం, ప్రజలను ముందుగా తరలించే ఏర్పాటు. 1970 తుపానులో సుమారు మూడు లక్షల మందిని పోగొట్టుకొన్న బంగ్లాదేశ్, 1972లో గ్రామగ్రామాన వాలంటీర్లను నిలిపి, చేతి మైకులు, జెండాలు ఇచ్చి, ఇంటింటి తలుపు తట్టే పద్ధతి నెలకొల్పింది. పేద దేశానికి సాధ్యమైన పని మనకు అసాధ్యమా?

“నేడు ప్రతి చేతిలో సెల్‌ఫోను ఉన్నది, దానికి హెచ్చరిక వస్తుంది గదా” అని కొందరు అనవచ్చును. నిజమే, వస్తున్నది. కాని ఆ సందేశం జిల్లాకంతటికీ ఒకటే. “మీ జిల్లాలో భారీ వర్షం” అని చెబుతుంది గాని, “మీ ఊరి వంతెన మీద రెండడుగుల నీరు పారుతున్నది, పోవద్దు” అని చెప్పదు. అర్ధరాత్రి తలగడ క్రింద ఉన్న ఫోనును చదివేదెవరు? తండాలోని అవ్వకు లంబాడీ మాటలో చెప్పవలసి ఉంటుంది. చదివించడం కాదు, నోటితో చెప్పడం. మొహల్లాలోని దాదీమాకు ఉర్దూలో చెప్పాలి. యంత్రం వార్తను ఊరి పొలిమేర దాక తేగలదు. గడప దాక తీసుకొనిపోవలసినది మనిషియే.

ఆ మనిషి ఎవరు? పూర్వం మన తెలంగాణా పల్లెలలో నీరటి అనే పనివాడు ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, మత్తడి ఎప్పుడు దుంకుతుందో, కట్ట ఎక్కడ చెమర్చుతున్నదో అతనికి తెలుసు. వానరాత్రి కంబళి కప్పుకొని కట్ట మీద తిరిగేది అతడే. ఆ గ్రామసేవకులే కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకులైనారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయినవి. 2023లో సహాయకులను ఇతర శాఖలలో సర్దినారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లినవి. ఈ మూడింటికీ వేరువేరు కారణాలు ఉన్నవి. వాటి మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోను. కాని మూడింటి ఫలితం ఒకచోట కలిసింది. 2024 సెప్టెంబరు 1వ తేదీన పల్లెలలో ఎన్నికైన సర్పంచు లేడు, గ్రామ రెవెన్యూ అధికారి లేడు, నీరటి వారసుడు వేరొక కార్యాలయంలో ఉన్నాడు. పంచాయతీ కార్యదర్శులు, పోలీసులు, యువకులు ఆనాడు శ్రమించినారు. వారికి కృతజ్ఞతలు చెప్పవలసినదే. అయినా, “ఈ వాగును కనిపెట్టి ఉండడం నా పని” అనుకొనే ఒక మనిషి ఊరికి ఉండడం వేరు, ఆపద వచ్చిన తరువాత పదిమంది పరుగెత్తి రావడం వేరు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారుల నియామకం జరిగింది. అదే డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. ఇప్పుడు మనుషులున్నారు. ఇక కావలసినది బాధ్యత ఏదో తేల్చి చెప్పడం.

మరొక అభ్యంతరం కూడ వింటున్నాము: “వాగు ఒడ్డున, పల్లంలో ఇండ్లు ఎవరు కట్టుకొమ్మన్నారు?” ఈ ప్రశ్న అడిగేవారు తరచు మెట్ట మీద ఉన్నవారే. పల్లపు నేల చౌకది కాబట్టి పేదవాడు అక్కడ ఉన్నాడు. మూసీ ఒడ్డున గాని, సింగ్‌నగర్‌లో గాని, మున్నేటి గట్టున గాని, తండాలో గాని నీరు మొదట తట్టే తలుపు కూలివానిది, రిక్షావానిది, ఇండ్లలో పనిచేసే తల్లిది. వారిని మెరుగైన తావుకు చేర్చడం ప్రభుత్వ ధర్మం, అది జరగాలి. కాని అది జరిగేదాక ప్రతి వానాకాలంలోను వారు అక్కడే నిద్రించవలసి ఉన్నది. ఆ నిద్రకు కాపలా ఉండడం మాత్రం ఇరుగుపొరుగుల ధర్మం.

కాబట్టి మన కళాశాల ఏమి చేయగలదు? పెద్ద మాటలు వద్దు. చేయగలిగినవి మాత్రమే చెబుతాను.

మొదటిది: 2024లో నీరు ఎంత ఎత్తు వచ్చిందో ఇప్పుడు అందరికీ గుర్తున్నది. పదేండ్ల తరువాత ఉండదు. కనుక నీరు వచ్చిన ప్రతి వాడలో, బడి గోడ మీద, మసీదు గోడ మీద, గుడి గోడ మీద, పెద్దల అనుమతితో ఒక ఎర్రగీత గీసి తేదీ వ్రాయాలి. చరిత్ర పుస్తకం తెరవనివానికి కూడ ఆ గీత పాఠం చెబుతుంది.

రెండవది: మన విద్యార్థులు చుట్టుప్రక్కల ఊళ్ల నుండి, తండాల నుండి వస్తున్నారు. ఎవరి వీధిలో నడవలేని వృద్ధులు, గర్భిణులు, చూపులేనివారు ఎందరున్నారో వారికే తెలుసు. ఆ వివరం వీధివారీగా వ్రాసి గ్రామాధికారి దగ్గర, పోలీసు స్టేషనులో ఉంచితే, ఆపద రాత్రి ఏ తలుపు మొదట తట్టాలో తెలుస్తుంది.

మూడవది: ప్రతి వాడలోను హెచ్చరిక యంత్రం ఇప్పటికే ఉన్నది. దానిని మనం గుర్తించలేదు, అంతే. మసీదు మీద మైకు, గుడిలో మైకు, చర్చి గంట. రాత్రి పది నుండి ఉదయం ఆరు దాక మైకు వాడరాదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కాని ప్రజలకు అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు ఆ నిబంధనలోనే మినహాయింపు కూడ ఉన్నది. మైకు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది, ఎవరు ఫోను చేస్తే ఎవరు మాట్లాడాలి అన్నది వానాకాలానికి ముందే మూడు మతాల పెద్దలు ఒకచోట కూర్చుండి నిర్ణయించుకొంటే చాలు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, లంబాడీలో ఒకసారి – మూడు నిమిషాల ప్రకటన. రెండు భాషల కూడలి అయిన మన కళాశాలకంటె ఈ పనికి తగినది మరేది?

నాల్గవది: ప్రవహించే నీటి బలాన్ని మనం తక్కువగా అంచనా వేస్తున్నాము. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు. రెండడుగులు పెద్ద వాహనాన్ని సైతం ఈడ్చుకొనిపోగలదు. ఈతగానికైనా మోకాలు లోతు వడి ప్రమాదమే. కాబట్టి విద్యార్థులు నీటిలోనికి దిగవలసినది లేదు. వంతెనకు ఇరువైపుల, దూరంగా, ఒక అడ్డుకర్ర, ఒక ఎర్రదీపం, పోలీసువారికి తోడుగా ఇద్దరు మనుషులు – ఆ రాత్రికి ఇంతకు మించిన సేవ లేదు. ప్రయాణీకుడు విసుగుకొంటాడు, తిడుతాడు కూడ. తిట్టనీయండి, తిట్టడానికి బ్రతికి ఉంటాడు.

ఇవన్నీ చేస్తే విపత్తు రాదా అని అడిగితే, వస్తుందనియే నా సమాధానం. వాన మన మాట వినదు. కాని ఆ ఉదయం వచ్చిననాడు మనం నిద్రలో ఉంటామా, మేలుకొని ఉంటామా అన్నది మన చేతిలోనిదే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం మనకు అలవాటైపోయింది. మూడేండ్లుగా చేతులు కాలుతూనే ఉన్నవి.

మిత్రులారా! మన మరిపెడ ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. జిల్లాల గీతలు మారవచ్చును, పదవుల పేర్లు మారవచ్చును. ఆకేరు దారి మారదు. ఆ వంతెన మీది నుండి మనం కళాశాలకు పోతున్నాము, పెండ్లిండ్లకు పోతున్నాము, పంట అమ్ముకొనడానికి పోతున్నాము. ఆ వంతెన మీదనే ఒక తండ్రి, ఒక కూతురు తమ చివరి ప్రయాణం ముగించినారు. వారికి మనం చేయగల శ్రద్ధాంజలి ఒక్కటే: మరొక తండ్రి, మరొక కూతురు ఆ వంతెన దగ్గరకు వచ్చేసరికి, చీకటిలో ఒక ఎర్రదీపం పట్టుకొని “ఆగండి, ముందు నీరున్నది” అని చెప్పడానికి అక్కడ ఒక మనిషి నిలబడి ఉండడం.

రాబోయే వానాకాలానికి ముందే ఈ పనికి కమిటీ పెద్దలు పూనుకొందురని, విద్యార్థులు ముందడుగు వేయుదురని ఆశించుచున్నాను.